ముందు పైకప్పు చూసే అక్క

2003 మే 18, ఆదివారం, ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలు. అమెరికాలో మా గృహప్రవేశం, ముహూర్తం ఏడూ నలభై రెండు. పాలు పొంగాయి, హోమం మొదలైంది, రెండో నెయ్యి గిన్నె ఖాళీ అయింది. అప్పుడు మా కొత్త ఇంటి ముందు ఫైరింజను వచ్చి ఆగింది.

మావారు ముందుజాగ్రత్త మనిషి. హోమం పొగకి మోగుతాయని ఇంట్లోని పొగ అలారాలకి ముందురోజే ప్లాస్టిక్ టోపీలు తొడిగారు, స్నానం చేసేటప్పుడు జుట్టు తడవకుండా పెట్టుకునేవి. ఐదు అలారాలకి తొడిగి, బేస్‌మెంట్ మెట్ల మీద ఉన్న ఆరోదాన్ని మరిచిపోయారు. ఆ ఒక్కటే మోగింది. అది మోగితే నేరుగా అలారం కంపెనీకి తెలుస్తుందనీ, వాళ్ళు ఫైర్‌హౌస్‌కి ఫోన్ చేస్తారనీ మాకు తెలియదు.

ఇంజన్లోంచి నలుగురు దిగారు. దాని వెనకే ఒక చిన్న తెల్ల కారు ఆగింది. అందులోంచి దిగినావిడకి అరవై లోపు ఉంటాయి. గద్వాల చీర, దాని మీద ఫైర్‌హౌస్ వాళ్ళ నీలం కోటు, మోచేతికి నల్ల హ్యాండ్‌బ్యాగు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, ఒక్కసారి గాలి పీల్చి, వెనక్కి తిరిగి వాళ్ళతో ఇంగ్లీషులో అంది: "నెయ్యి. నెయ్యీ, పుల్లలూ. ఇల్లు కాదు."

అయినా కెప్టెన్ లోపలికి వచ్చి కళ్ళతో చూడాలి, అది వాళ్ళ నియమం. ఆయన గుమ్మం ముందు ముగ్గు చూసి ఆగిపోయాడు. ఆవిడ వేలితో పక్కనించి దారి చూపించింది. అంత లావు బూట్లతో ఒక్క గీత చెరపకుండా దాటాడు. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, హోమగుండాన్నీ మమ్మల్నీ ఒకసారి చూసి, తల వంచి వెళ్ళిపోయాడు. పంతులుగారు స్వాహా ఆపలేదు.

ఆవిడ మాత్రం వెళ్ళలేదు. తల వెనక్కి వంచి మా హాలు పైకప్పు చూసింది.

"గా టోపీ ఏంది తమ్మీ? దానికి చలి పెడుతున్నదా?"

మావారు నవ్వాలో వద్దో తేల్చుకోలేక, "హోమం అవగానే తీసేస్తామండీ" అన్నారు.

"అందరు గట్లనే అంటరు. పోయినేడు ఒకాయన గూడ అన్నడు. దీపావళికి పోయి చూస్తే టోపీ గట్లనే ఉన్నది. దాంట్ల సాలెపురుగు గూడ గృహప్రవేశం చేసింది."

గోడవార కుర్చీ లాక్కుని కూర్చుంది. హోమం అయింది, వ్రతం అయింది, భోజనాలయ్యాయి. ఐదు టోపీలూ తీయించి, ఒక్కొక్క అలారం కిందా నిలబడి, మీట నొక్కించి, అది చెవులు చిల్లులు పడేలా కూశాకే లేచింది. నేను బొట్టు పెట్టి తాంబూలం ఇచ్చాను. కళ్ళకద్దుకుని పుచ్చుకుని, బ్యాగులోంచి చిన్న ఇటుకలాంటి బ్యాటరీ ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

"నువ్వు వాయినం ఇచ్చినవు. ఇది తిరుగు వాయినం."

ఆవిడ ఈ జనవరిలో పోయింది. పేరు రాయను. ఆ పేరు పెట్టి పిలిచినవాళ్ళు మాలో లేరు. పిల్లలకి ఫైర్ ఆంటీ. నాకు అక్క. నేను ఆవిడకి చెల్లె. నాది తెనాలి వైపు, ఆవిడది వరంగల్లు. ఆవిడ ఎప్పుడు వచ్చింది, ఏం చదివింది, పిల్లలెక్కడున్నారు అన్నవి సంతాప సందేశంలో వేశారు. అందులో లేనివి నాకు గుర్తున్నాయి.

ఎవరింటికి వెళ్ళినా ముందు పైకప్పు చూసేది. తర్వాతే మనుషుల్ని. కొత్తవాళ్ళు ఆవిడ దేవుణ్ణి తలుచుకుంటోందనుకుని తామూ చేతులు జోడించేవారు. అలారం దగ్గర పచ్చదీపం వెలగకపోతే స్టూలు అడిగేది. పాత బ్యాటరీ తీసి నాలిక కొసకి ఆనించి చూసేది. జివ్వుమంటే "ఇంక ప్రాణమున్నది" అని తిరిగి పెట్టేది. ఏమీ అనకపోతే మొహం చిట్లించి, "సప్పగున్నది" అనేది, పప్పులో ఉప్పు తక్కువైనట్టు. మనవాళ్ళ దుకాణాలుండే ఐసెలిన్‌లో చీరల షాపులో కూడా బేరం మధ్యలో ఆపి, కౌంటర్ దగ్గరున్న కుర్రాణ్ణి, "బిడ్డా, నీ ఎనక తలుపు ముందట గీ డబ్బలేంది? మంటొస్తే ఎటు ఉరుకుతవు?" అని అడిగింది. ఆ డబ్బాలు జరిపేదాకా చీర కొనలేదు. జరిపాక కూడా కొనలేదు, రంగు నచ్చలేదని.

ఆ ఫైర్‌హౌస్‌తో ఆవిడకి చుట్టరికం గారెలతో మొదలైంది. మేము రావడానికి చాలా ఏళ్ళ ముందు, గారెలు వేస్తూ ఫోన్ మాట్లాడుతుంటే నూనె అంటుకుంది. మూడు వీధుల అవతలనించి ఇంజను వచ్చి, మంటని వంటగదితో ఆపేసింది. మర్నాడు మళ్ళీ పిండి రుబ్బి, పొరుగింటి పొయ్యి మీద వేసి, కృతజ్ఞతగా పట్టుకెళ్ళింది. వాళ్ళందరూ వాలంటీర్లు: ప్లంబరు, బడి బస్సు డ్రైవరు, మందుల షాపాయన. జీతాల్లేవు. సైరన్ మోగితే చేతిలో పని వదిలి పరుగెత్తేవాళ్ళు. "గారెలిచ్చి వచ్చేద్దామని పోయిన చెల్లె, ఇంకా వాపసు రాలే" అనేది. మొదట కాఫీ కాచింది. తర్వాత వాళ్ళ డిస్ట్రిక్టుకి ఎన్నికల్లో నిలబడి కమిషనరయింది.

ఈ డిస్ట్రిక్టుల సంగతి మాకెవరికీ తెలియదు. పన్ను బిల్లులో బడి కింద, కౌంటీ కింద, ఫైర్ డిస్ట్రిక్టు అని ఒక చిన్న పద్దు ఉంటుందని నేను చూశాను, లెక్కలు చూసే ఉద్యోగం చేసినదాన్ని కనక. అదేమిటని ఒక పుట్టినరోజు పార్టీలో అడిగాను. ఆవిడ తన పేపర్ ప్లేటు నా ముందుకి జరిపింది.

"చూడు. మన టౌన్‌షిప్ గీ పళ్ళెం. పులిహోర ఒకటో డిస్ట్రిక్టు. గీ బూరె రెండు. పెరుగన్నం మూడు. వంకాయ నాలుగు. మనం గిక్కడ, గారె మీద. ఐదు. ఒక్కొక్క దానికి వేరే ఫైర్‌హౌస్, వేరే పన్ను, వేరే ఐదుగురు కమిషనర్లు."

"ఒక్క ఊరికి ఐదెందుకక్కా?"

"ఒక్క ఊరు ఇప్పుడు. అప్పుడు ఐదూళ్ళు. ఇటుకబట్టీలోళ్ళు ఇటు, ఆలుగడ్డ రైతులు అటు. నడుమ గీ సాంబారు పారుతున్నది చూసినవా? రైలు పట్టాలు. ఒకసారి ఇటుకబట్టీల మంటలేస్తే, అవతలోళ్ళ పంపు గుర్రాలతోని బయల్దేరిందట. గేటు పడ్డది. గూడ్సు బండి. పోయేదాంక నిలబడ్డరు. పోయేటాల్లకు బట్టీ లేదు. ఇగ ఇవతలోళ్ళు చందాలేసుకొని తమ పంపు తాము కొనుక్కున్నరు. గట్ల ఎవరి పంపు వాళ్ళది. ఊళ్ళు పోయినయి. పంపులు మిగిలినయి."

చెప్పడం అయ్యాక ఐదో డిస్ట్రిక్టుని సాంబారులో ముంచి తినేసింది.

ఆ కాలపు గుర్తు ఒకటి ఫైర్‌హౌస్ ముందు వేలాడేది. పాత రైలింజను చక్రం మీది ఇనుప పట్టా, గుండ్రంగా, నా భుజాల ఎత్తున. పక్కన గొలుసుకి సుత్తి. సైరన్ లేని రోజుల్లో దాన్నే కొట్టేవారట. మన పిల్లల్ని తీసుకెళ్ళి ఒక్కొక్కరిచేత ఒక్క దెబ్బ కొట్టించేది. "ఒక్కటే. రెండు కొడితే నిజంగనే వస్తరు." ఆ మోత పాదాల్లోంచి వినబడేది. శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి సైరన్ ఒకసారి మోగించి చూసుకునేవారు. మా గోడగడియారం దానికే సరిచేసేదాన్ని.

ఇక ఫిబ్రవరి మూడో శనివారం. మా రాష్ట్రంలో ఫైర్ డిస్ట్రిక్టుల ఎన్నిక ఆ రోజే, మధ్యాహ్నం రెండింటినించి రాత్రి తొమ్మిదిదాకా, ఫైర్‌హౌస్‌లోనే. ప్రెసిడెంటు ఎన్నిక ఎరిగినవాళ్ళెవరికీ ఈ ఎన్నిక ఉన్నట్టు తెలియదు. నూరుమంది వస్తే గొప్ప. వారం ముందునించీ ఆవిడ సిటిజన్లయిన తెలుగువాళ్ళ ఇళ్ళన్నిటికీ ఫోన్లు చేసేది. "శనివారం. రెండు నిముషాల పని. చాయ్ గూడ పొయ్య, లంచమంటరు." నేను రెండింటికి తలుపు తీయగానే వెళ్ళేదాన్ని. మొదటి ఓటు నాది. ఆవిడ ఎప్పుడూ తొమ్మిదికి ఐదు నిమిషాలుండగా వేసేది. ఎందుకంటే, "అందర్ని తిననిచ్చి ఆఖర్న కూసుంటం గద. గట్లనే" అంది.

మూడో శనివారంతో చిక్కేమిటంటే, అది సాధారణంగా మాఘమాసంలో పడుతుంది. మాఘం ముహూర్తాల నెల. అమెరికా చట్టం రాసినవాళ్ళకి ఆ సంగతి తెలియదు. మనవాళ్ళకి ఆ చట్టం తెలియదు. రెండూ తెలిసిన మనిషి ఆవిడొక్కతే.

2014లో ఆ శనివారం ఫిబ్రవరి పదిహేను. ఆ ఏడు ఓటు మామూలు ఓటు కాదు. మా డిస్ట్రిక్టు రెండు ఇంజన్లలో ఒకటి పాతబడింది, కొత్తది కొనడానికి జనం ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే మా డిస్ట్రిక్టుని పట్టాల అవతలి దానిలో కలిపేసి ఫైర్‌హౌస్‌కి తాళం వేస్తామని టౌన్‌షిప్ వాళ్ళు ముందే చెప్పారు. వాళ్ళ వాదన తప్పని నేననను. ఒక టౌన్‌షిప్, ఐదు ఫైర్‌హౌస్‌లు, ఇరవై ఐదుమంది కమిషనర్లు, పట్టుమని నూరు ఓట్లు లేవు. కాగితం మీద ఆ లెక్క నిలుస్తుంది. అక్క దగ్గర ఒక్కటే జవాబుండేది: "గేటు పడితే?"

అదే రోజు మా డిస్ట్రిక్టులోనే ఒక గృహప్రవేశం. కరీంనగర్ పిల్లలు, భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్. వాళ్ళకి ఓటు లేదు. ఆ అమ్మాయి ముందే చెప్పింది, "మేము హెచ్-వన్ కదా ఆంటీ, మాకేం రిలేటెడ్ కాదు."

"ఓటు లేకుంటేంది, ఇల్లున్నది గద బిడ్డా. మంట వీసా అడుగుతదా?"

కానీ పిలిచినవాళ్ళలో ఓట్లున్నవాళ్ళు చాలామంది. వంట బాగుందని అందరూ ఉండిపోయారు. నాకు అలవాటు, లెక్కపెట్టాను. రెండింటికే ఓటు వేసి వచ్చిన నేను కాక, అక్కతో కలిపి మా డిస్ట్రిక్టు ఓటర్లు ముప్పై ఒక్కరు. తెల్లవారుజామున పాలు పొంగించేశారు. హోమం, సత్యనారాయణ వ్రతం మధ్యాహ్నం రెండున్నరకి పెట్టుకున్నారు. పంతులుగారికి ఆ రోజు మూడు ఇళ్ళు. మంచు పడుతోంది.

"పంతులు రాలేదు గద, లేవున్రి, ఓటేసి వద్దాం" అని అక్క మూడుగంటలకి లేచింది. పన్నెండుమంది కదిలారు, వెళ్ళి వేసి వచ్చారు. అక్క మిగతావాళ్ళ కోసం ఆగింది. వాళ్ళు కోట్లు తొడుక్కుంటూ ఉండగా ఇంటాయన ఫోన్ పట్టుకుని వచ్చాడు. "ఆంటీ, పార్క్‌వే ఎక్కేశారంట. టెన్ మినిట్స్." కోట్లు విప్పారు. నాలుగింటికి మళ్ళీ లేచింది. "ఎగ్జిట్ దిగేశారంట ఆంటీ, ఫైవ్ మినిట్స్." మళ్ళీ విప్పారు. పంతులుగారు గుమ్మం తొక్కేసరికి ఐదూ నలభై.

ఇక ఎవరూ కదలరు. ప్రసాదం తీసుకోకుండా వ్రతం మధ్యలో లేచిపోయినవాళ్ళకి ఏమవుతుందో ఆ వ్రతకథలోనే ఉంది. పంతులుగారు అది కాస్త సాగదీసి చెప్పారు కూడా. అక్క నా పక్కన బాసింపట్టు వేసుకుని, అక్షింతలు పిడికిట పట్టుకుని, కథ వింటూ గడియారం చూసింది. ఆవిడ దైవభక్తిలో లోటు లేదు. కానీ ప్రతి కథ చివరా కొబ్బరికాయ కొట్టినప్పుడు నా వైపు చూసి వేళ్ళు చూపించేది. ఇంకా మూడు. ఇంకా రెండు.

ప్రసాదం చేతిలో పడేసరికి ఎనిమిదీ ఇరవై ఐదు. ఒక్కసారిగా అందరూ కార్ల మీది మంచు గీకడానికి పరుగెత్తారు. కొడుకులు పిల్లల్ని ఇళ్ళ దగ్గర దింపి వచ్చి తీసుకెళ్తారని చూస్తున్న ఐదుగురు పెద్దవాళ్ళని నేను మా వ్యానులో ఎక్కించాను. నాతో ఆరుగురం, సీట్లు ఏడు. అక్క కోసం లోపలికి వెళ్ళాను.

గుమ్మం లోపల రెండంతస్తుల ఎత్తు హాలు. మధ్యలో నిలబడి తల వెనక్కి వంచి చూస్తోంది. అంత ఎత్తున అలారానికి ప్లాస్టిక్ టోపీ, తెల్లగా.

"అక్కా, రండి. ఒక సీటుంది."

"నిచ్చెనేది బిడ్డా?" అంది ఇంటాయనతో.

"ఫ్రెండ్‌ది ఆంటీ, పొద్దున తీసుకెళ్ళిపోయాడు. రేపు తీసేస్తాను, ప్రామిస్."

"ఫోన్ చెయ్యి. తెమ్మను."

"అక్కా, ఎనిమిదిన్నర. మీ ఓటు..."

"నువ్వు నడువు చెల్లె. వాళ్ళను తీస్కపో." పైకప్పు మీదనించి చూపు దించలేదు. "గీ ఇంట్ల రాత్రికి పండుకుంటరు గద. దీపం గూడ కొండెక్కనియ్యరు."

నేను వ్యాను నడిపాను. ఎనిమిదీ యాభై రెండుకి చేరాం, ఐదుగురూ వేశారు. మా ముగ్గు తొక్కకుండా దాటిన ఆ కెప్టెను, అప్పటికి ముసలాయన, గాజు తలుపు దగ్గర నిలబడి పార్కింగ్ వైపు చూస్తున్నాడు. ఎవరికోసమో నాకు తెలుసు. తొమ్మిదింటికి ఎన్నికల మనిషి తలుపు మూసింది. తర్వాత మూడు కార్లు వచ్చాయి, లైట్లు వేసుకుని, మంచు చిమ్ముకుంటూ. వాళ్ళు దిగి తలుపు లాగి చూశారు.

తొమ్మిది ఓట్ల తేడాతో పోయింది. గెలవడానికి పది కావాలి. ఆ ఇంట్లో ముప్పై ఒక్కరిలో పన్నెండూ, నా వ్యానులో ఐదూ పోను పద్నాలుగు ఓట్లు మిగిలిపోయాయి. ఆ పద్నాలుగులో అక్కది ఒకటి. ఆవిడ ఒక్కతీ వచ్చినా ఏమీ మారేది కాదు. ఈ లెక్క నేను చాలాసార్లు చూశాను.

పార్కింగ్‌లోంచే ఫోన్ చేశాను.

"తీసిన చెల్లె. నిచ్చెన వచ్చింది. బ్యాటరీ సప్పగుండె, మార్చిన."

"అక్కా, పోయింది."

"ఎంతకు?"

"తొమ్మిది."

నిచ్చెన మడిచిన చప్పుడు వినబడింది. తర్వాత, "కెప్టెన్‌కి జర చెప్పు, కాఫీ గిన్నె పొయ్యి మీద మర్శిపోయి పోవద్దని" అంది.

ఆ ఏడు చివర తాళం వేశారు. ఆ ముందురోజు మన పిల్లల్ని మళ్ళీ తీసుకెళ్ళింది. వాళ్ళు అప్పటికి మీసాలొచ్చినవాళ్ళు, కాలేజీలకి వెళ్ళేవాళ్ళు. ఒక్కొక్కరూ ఇనుప పట్టా మీద ఒక్క దెబ్బ కొట్టారు. ఆఖరిది ఆవిడ కొట్టింది. ఒక్కటి కాదు, రెండు. ఎవరూ రాలేదు.

ఎవర్నీ ఒక్క మాట అనలేదు. పద్నాలుగుమందిలో ఎవరైనా నొచ్చుకుంటే, "వ్రతం ఇడిశిపెట్టి వస్తరా మరి" అని తనే సర్దేది. గృహప్రవేశాలకి వెళ్ళడం మానలేదు. నీలం కోటు మాత్రం వేసుకునేది కాదు. పట్టాల అవతలి ఇంజను మా వీధికి రావడం నేను మూడుసార్లు చూశాను. ఒకసారి గేటు పడి ఉంది. ఆ రోజు మంట లేదు, ఎవరిదో చేగోడీల మూకుడు పొగ. కరీంనగర్ పిల్లల ఇంట్లో ఇంతవరకు ఏ ప్రమాదమూ జరగలేదు. ఆవిడ ఆ టోపీ తీసి ఉండకపోయినా జరిగేది కాదేమో. అదీ రాయాలి కనక రాస్తున్నాను.

జనవరిలో ఆవిడని కడసారి చూడడానికి ఫ్యూనరల్ హోముకి వెళ్ళాను. తలుపు పక్కన కుర్చీలో కూర్చున్నాను. మనవాళ్ళు ఒక్కొక్కరే లోపలికి వస్తున్నారు. కరీంనగర్ అమ్మాయి వచ్చింది, ఇద్దరు పిల్లలతో. గుమ్మంలో ఆగి తల పైకెత్తింది. పైకప్పు మీద పచ్చదీపం చూసి, అప్పుడు శవపేటిక వైపు నడిచింది. పెద్ద పిల్ల అమెరికన్ యాసలో, "మమ్మీ, ఇట్స్ ఓకే, లైట్ ఉంది" అంది. దాని తర్వాత వచ్చినాయనా పైకే చూశాడు. ఆ తర్వాతావిడా. నేను వచ్చినప్పుడు ఏం చేశానో గుర్తు తెచ్చుకున్నాను. నేనూ అంతే.

తిరిగి వస్తూ ఫైర్‌హౌస్ మీదుగా డ్రైవ్ చేశాను. ఇప్పుడది పిల్లలకి లెక్కలు చెప్పే ట్యూషన్ సెంటరు. ఇంజన్ల తలుపులు రెండూ ఇటుకలతో మూసేశారు. ఇనుప పట్టా ఎక్కడికి పోయిందో అడిగితే ఎవరికీ తెలియదు.

పోయినవి: ఫైర్‌హౌస్ ఒకటి. ఇంజన్లు రెండు. శనివారం పన్నెండు గంటల సైరను ఒకటి. ఇనుప పట్టా ఒకటి, సుత్తితో సహా. పన్ను బిల్లులో ఐదో డిస్ట్రిక్టు పద్దు ఒకటి. ఫిబ్రవరి మూడో శనివారాలు, అన్నీ. మనిషి ఒకరు.